బద్లీ చాచా

మా ఎదురింటి చాచా పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్ కాలేజీలో, సెలవు పెట్టిన ఇంకో లెక్చరర్ క్లాసులో పాఠం చెబుతున్నాను. గద్వాల నుంచి చిన్ననాటి స్నేహితుడు చేశాడు. "చాచా పోయిండ్రా. పొద్దున చాయ్ తాగి జర ఒరుగుత అన్నడంట. చాచీ పోయి లేపితే లేవలే. సాయంత్రం అస్ర్ నమాజ్ అయినంక తీస్తరు. జల్ది బయలెల్లు" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్క గదిలో క్లాసు చెబుతున్న జువాలజీ మేడమ్ ఎట్లా పసిగట్టిందో, తలుపు దగ్గరికి వచ్చి "మీరు పోండి సార్, నేను చూసుకుంట" అంది. ఆ మాట వింటే చాచా ఎంత సంతోషించేవాడో. ఎందుకో మీకు తెలియాలంటే ఆయన ఎవరో చెప్పాలి.

చాచా ఫుట్‌బాల్ ఆడి బతికినవాడు. గద్వాలలో పుట్టి, ఫుట్‌బాల్ ఆడినందుకు నెల నెలా జీతం తీసుకున్న మనిషి నాకు తెలిసి ఆయన ఒక్కడే. అయితే మీరు పేపర్లో ఆయన ఫొటో చూసి ఉండరు. పెద్ద జట్లలో ఆడలేదు. హైదరాబాద్‌లో రెండో డివిజన్, మూడో డివిజన్ అని ఉంటాయి, అట్లాంటి క్లబ్బుల్లో ఆడాడు. తర్వాత బెంగళూరులో, కలకత్తాలో, ఇంకా కేరళలో అంతకంటే చిన్న చిన్న జట్లకు ఆడాడు. అక్కడ కూడా ఎక్కువసార్లు మైదానం బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఎవడికైనా దెబ్బ తగిలితేనో, ఎవడైనా అలసిపోతేనో వాడి బదులు దిగేవాడు. ఆటగాళ్ళ భాషలో దాన్ని బద్లీ అంటారు.

బస్సులో వనపర్తి దాటాక, గద్వాలలో చీరల దుకాణం ఉన్న పాత పరిచయస్తుడు నా పక్కన కూర్చున్నాడు. సంగతి చెప్పాను. "ఎవరు, గా ఫుట్‌బాలాయనా? అయ్యో, మంచి మనిషి. మా అన్న పెండ్లప్పుడు మా దుకాణంల గూడ కూసున్నడు. పాపం, జిందగీల ఆడింది తక్కువ, కూసున్నది ఎక్కువ" అన్నాడు. ఆయన జాలితోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పెబ్బేరు వచ్చినా, బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనిపించినా ఆ మాటే చెవిలో తిరిగింది. ఆయన ఎర్రవల్లి చౌరస్తాలో ఏదో పని చూసుకుని వస్తానని దిగిపోయాడు. ఆయనకు అప్పుడు నేను ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను. కోపంతోనే మొదలుపెట్టాను కానీ, రాస్తూ ఉంటే చాచా కోపాన్ని నిలవనిచ్చేలా లేడు.

ముందు బద్లీ అన్న మాట సంగతి చెప్పాలి. మా నాయినకు గద్వాలలో కిరాణా కొట్టు ఉండేది. వీధి మొత్తానికి ఒక్క ఫోన్, అది మా కొట్లోనే. చాచా హైదరాబాద్ పోయిన కొత్తలో వాళ్ళమ్మకు, అంటే మేమంతా దాదీ అని పిలిచే ఆమెకు, ఏదైనా చెప్పాలంటే మా నాయినకు ఫోన్ చేసేవాడు. ఒక రోజు లైన్ బరబరమంటూ ఉంటే నాయిన గట్టిగా అరిచాడట. "ఎట్లున్నవ్ తమ్మీ? ఏం పని జేస్తున్నవ్?" అటు నుంచి చాచా "బద్లీల పెట్టిన్రు సేటన్నా" అన్నాడు. నాయిన కొట్టు దిగి, రోడ్డు దాటి, దాదీతో "నీ కొడుకుకు బదిలీ అయిందట" అని చెప్పి వచ్చాడు.

బదిలీ ఎవరికి అవుతుంది? తహసీల్దారుకు అవుతుంది, ఎస్సైకి అవుతుంది, బ్యాంకు మేనేజరుకు అవుతుంది. గోరంతను కొండంత చేయడం మా వీధికి వెన్నతో పెట్టిన విద్య. దాదీ కొడుక్కి సర్కారు నౌకరీ వచ్చిందన్నారు. మరుసటేడు క్లబ్బు మారి బెంగళూరు పోయాడు. "మల్ల బదిలీ అయిందంట" అన్నారు. ఆ తర్వాత కలకత్తా అనేసరికి "గంత దూరం ఏసిన్రంటే పెద్ద ఆఫీసరే" అని తేల్చేశారు. చిన్న క్లబ్బులు ఏ ఏడాదికి ఆ ఏడాదే మనుషుల్ని పెట్టుకుంటాయి. సీజను అయిపోతే సంచీ సర్దుకుని ఇంకో ఊరు వెతుక్కోవాలి. ఆయన సంచీ సర్దుకున్నప్పుడల్లా ఇక్కడ ఆయన హోదా పెరిగింది. చాచాకు ఇవేవీ తెల్వవు. సెలవులకు వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడి సలాం చేస్తుంటే, గద్వాలలో ఫుట్‌బాల్‌కు ఇంత ఇజ్జత్ ఉందా అని మురిసిపోయేవాడట.

ఆ హోదా చూసే వనపర్తి నుంచి సంబంధం వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది నాయిన నోట వందసార్లు విన్నాను, ఎందుకంటే నేను అప్పటికి పుట్టలేదు. మాట ఖాయం చేసుకోవడానికి దాదీ, చాచా, పెద్దమనిషిగా మా నాయిన వనపర్తి పోయారు. షర్బత్ తాగాక పిల్ల మేనమామ అడిగాడు.

"ఇప్పుడు బదిలీ యాడికి అల్లుడూ?"

"కేరళల బద్లీ ఉన్న మామూ."

"మంచిది, మంచిది. డిపార్ట్‌మెంటేంది?"

"డిపార్ట్‌మెంటా? ఫుట్‌బాల్ గదా!"

"ఆట సరే అల్లుడూ. పనేంది?"

నాయినకు అప్పుడు తట్టిందట, తను రోడ్డు దాటి మోసుకుపోయిన మాట ఎంత దూరం వచ్చిందో. గొంతులో షర్బత్ అడ్డం పడిందట. చాచా ఆ మొహమూ ఈ మొహమూ చూసి, అర్థం చేసుకుని, లేచి నిలబడ్డాడు. కావాలంటే ఏదో ఒకటి సర్దిచెప్పి కూర్చోవచ్చు. కేరళకు పోయి ఎవరు చూస్తారు? ఆయన అలా చేయలేదు. "మామూ, నాది సర్కారు నౌకరి గాదు. నేను బంతి ఆడుత. గది గూడ ఎవరన్న పడిపోతే వాని బదులు ఆడుత. ఆడని రోజు బెంచీ మీద కూసుంట. మావోళ్ళు గట్ల సమజ్ చేసుకున్నరు, నాకు తెల్వదు. మీ బిడ్డనిచ్చుడు ఇయ్యకపోవుడు మీ ఇష్టం" అన్నాడు.

దాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనమామ లేవబోయాడు. అప్పుడు పరదా వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. "మామూ, సర్కారు బదిలీ అయితే నన్ను ఊరూరు తిప్పుతడు. ఈయన బెంచీ మీదనే కూసుంటడు గదా, ఏడికి పోతడు?"

నాయిన ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ నవ్వు ఆపుకోలేకపోయేవాడు. మేనమామ కూడా నవ్వాడట. ఆ పిల్లే మా చాచీ. పెళ్ళయ్యాక ఆమె చాచాను ఒక్కటే కోరింది. ఒక్కసారి ఆయన ఆడుతుంటే చూడాలి. చాచాకు కూడా అదే కోరిక. లోపల తను ఉరుకుతుంటే బయట నుంచి ఆమె చూడాలి.

ఆ రోజు కోసం వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు ఎదురుచూశారు. చాచా మళ్ళీ హైదరాబాద్ క్లబ్బుకు వచ్చాక ఒకసారి చాచీ బయలుదేరింది. తోడు మా అమ్మానాయినలు, వాళ్ళతో నేను. చాచీ ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుంది. పెళ్ళిలో కూడా అంత మంచి చీర కట్టలేదని అమ్మ అనేది. సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. చాచా బెంచీ మీద ఉన్నాడు. కొంచెం సేపటికి లేచి గీత పక్కన ఒళ్ళు వేడెక్కడానికి అటూ ఇటూ ఉరకడం మొదలుపెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చి, మోకాళ్ళు ఎత్తి గెంతి, కోచ్ వైపు చూసేవాడు. కోచ్ చూసేవాడు కాదు. చాచా మళ్ళీ ఉరికేవాడు. ఆట అయిపోయేదాకా అదే. కోచ్ పిలవలేదు.

చాచా తువాలు భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు. తల వంచుకుని ఉన్నాడు. చాచీ లేచి, చెంగుతో ఆయన మెడ మీది చెమట తుడిచింది. "గింతమంది ఆడిన్రు, అందరికన్న ఎక్కువ ఉరికింది నువ్వే. నేను నిన్నే చూసిన" అంది. చాచా ఆమె ముందు ఆడలేకపోయాడు. ఆ తర్వాతా ఆ అవకాశం రాలేదు, ఎందుకంటే మరుసటేడు కేరళలో, కోసిన పొలంలో వెదురు గ్యాలరీలు కట్టి ఏడుగురేసి ఆడే ఒక ఆటలో ఆయన మోకాలు తిరిగిపోయింది. కర్ర పట్టుకుని గద్వాలకు వచ్చేశాడు. అంతే ఆయన ఆట. ఒక్క కప్పు లేదు, ఒక్క బిళ్ళ లేదు. చెక్కపెట్టెలో ఒక జత బూట్లు మాత్రం మిగిలాయి. వాటిని తుడిచి, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి ఉంచేవాడు. ఆకారం పోకూడదట.

అలవాట్లు మాత్రం ఆట నుంచి రిటైరు కాలేదు. కుర్చీలో ఆనుకుని కూర్చోగా నేనెన్నడూ చూడలేదు, అంచు మీదే కూర్చునేవాడు. పెళ్ళికి పోయినా, సంతకు పోయినా లేసులున్న బూట్లే. మసీదు మెట్ల మీద అందరూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోతే, చాచా ఒక్కడూ కూర్చుని తీరిగ్గా లేసులు కట్టుకునేవాడు. "చెప్పులేసుకోరాదు చాచా, గింత తిప్పలెందుకు?" అన్నాను ఒకసారి. "చెప్పులేసుకున్నోన్ని ఎవరు పిలుస్తరు బేటా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడనుకున్నాను.

తర్వాత మా ప్రైవేటు బడిలో ఆటల సారుగా చేరాడు. ప్రైవేటు బడుల సంగతి మీకు తెలియనిది కాదు. ఆటల సారు అంటే ఆటలు ఆడించేవాడు కాదు, ఏ టీచరు రాకపోతే ఆ పీరియడ్ కూర్చునేవాడు. మిగతా వాళ్ళకు అది చిన్నతనం. చాచాకు అదేదో పండగ. తెలుగు సారు రాకపోతే పుస్తకం తెరిచి, "నాకు గీ గ్రాంథికం సమజ్ గాదు, మీరు సదివి నాకు చెప్పుర్రి" అనేవాడు. ఆయనకు చెప్పడం కోసం మేం చదవాల్సి వచ్చేది. తెలుగు సారు తిరిగి వచ్చి, వీళ్ళకు ఈ పాఠం ఎవరు చెప్పారని ఆశ్చర్యపోయేవాడు. వీధిలోనూ అంతే. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా వాళ్ళ దుకాణంలో చాచా కూర్చునేవాడు. దర్జీ లేకపోతే కుట్టలేడు కానీ, కొట్టు మాత్రం తెరిచి ఉంచి "రేపొస్తడు" అని చెప్పేవాడు. దాంతో ఫుట్‌బాల్ చాచా కాస్తా వీధికి బద్లీ చాచా అయ్యాడు. నాయిన మొదట తప్పుగా విన్న మాటే చివరికి పేరుగా నిలిచింది.

మా బడి జట్టుకు ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లగాడినీ ఆట అయిపోయేలోగా లోపలికి పంపాలి. గెలుస్తున్నా, ఓడిపోతున్నా సరే. మన్ననూరు పిల్లల జట్టుతో ఆడటానికి ఒకసారి నల్లమల దాకా జీపులో పోయాం. ఆ పిల్లలు ఉత్త కాళ్ళతో జింకల్లా ఉరికారు. మేం కిందా మీదా పడి ఒక గోలు ముందున్నాం. ఆట చివరికి వచ్చింది. మా హెడ్మాస్టరు "ఇప్పుడెవర్నీ మార్చకు, గెలుస్తున్నాం" అని కసిరాడు. చాచా బెంచీ మీద మిగిలిన నన్ను లేపి, వీపు మీద చెయ్యి వేసి గీత దగ్గరికి తీసుకుపోయాడు. బయటికి వస్తున్న పిల్లగాడు రొప్పుతూ వచ్చాడు. నేను పక్క నుంచి లోపలికి దూకబోతే చాచా నా కాలర్ పట్టుకుని ఆపాడు.

"అట్ల పోకు. పోయేటోని చేతికి చెయ్యి తాకించి పో. వాని చెమట నీకు అంటాలె. వాడు యాడ ఆపిండో నువ్వాడికెల్లి మొదలువెట్టాలె."

చెయ్యి తాకించి లోపలికి పోయాను. ఆట అయిపోయేదాకా బంతి నా వైపే రాలేదు. మన్ననూరు పిల్లలు గోలు కొట్టి సమం చేశారు. తిరిగి వస్తున్నప్పుడు హెడ్మాస్టరు ముందు సీట్లో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. చాచా వెనక్కి తిరిగి నన్ను అడిగాడు. "ఎట్లుంది లోపల?" నేను ఏడుపు మొహంతో "బంతే రాలే చాచా" అన్నాను. "రాకుంటే రాకపాయె. గీత దాటినవ్ గదా. గీత దాటినోడే ఆటగాడు" అన్నాడు. మోకాలు నొప్పిగా ఉందేమో, దాన్ని రుద్దుకుంటూ దారంతా పాడుకుంటూ వచ్చాడు. గొంతు మాత్రం దేవుడు ఇవ్వలేదు.

ఈ మధ్య ఫోన్‌లో ఆటలు చూడటం నేర్చుకున్నాడు. ప్రపంచమంతా చూసే పెద్ద జట్లు ఆయనకు పట్టవు. ఇంగ్లండులో నాలుగో మెట్టు, అయిదో మెట్టు జట్లుంటాయి, ఆ ఆటలు వెతికి పెట్టమనేవాడు. నేను గద్వాల పోయినప్పుడల్లా ఇద్దరం వాళ్ళింటి ముందరి చబూత్రా అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం. చిన్న మైదానం, సన్నటి వాన, గోడ మీది నుంచి తొంగిచూసే పది మంది ముసలివాళ్ళు. చాచా బంతి ఎటు పోతుందో చూసేవాడు కాదు. "బెంచీ మీద చూడు. ఆ చివరోడు కాలు ఆడిస్తుండు. వాని కడుపుల ఏమైతుందో నాకు తెల్సు" అనేవాడు. ఆ చివరివాడు లేచి గీత పక్కన ఉరుకుతుంటే చాచా కూడా ముందుకు జరిగి కూర్చునేవాడు. వాణ్ణి లోపలికి పిలిస్తే "వచ్చె, వచ్చె" అని చప్పట్లు కొట్టేవాడు. చాచీ లోపలి నుంచి "గోలయిందా?" అని అడిగేది. "గోల్ గాదు, మావోడు దిగిండు" అనేవాడు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి గద్వాల. ఆ తెల్ల పిల్లగాడికి ఇక్కడొక చాచా ఉన్నాడని ఎప్పటికైనా తెలుస్తుందా?

ఇప్పుడు నాయిన సంగతి చెప్పాలి. చాచాకు నేను బతికున్నంతకాలం ఋణపడి ఉండేది దీనికే.

కొన్నేళ్ళ కింద నాయినను మహబూబ్‌నగర్ దవాఖానలో చేర్చాం. ఊపిరితిత్తులు పాడైపోయాయి. అప్పుడే నాకు పర్మనెంటు ఉద్యోగం పరీక్ష హైదరాబాద్‌లో పడింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా సెలవు పెడితే నేను, పోస్టులోకి ఎవరైనా వస్తే నేను బయటికి. ఆ పరీక్ష పోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు. నేను పోనన్నాను. అమ్మ నా మొహం, నాయిన మొహం మార్చి మార్చి చూసింది. చాచా అప్పుడే బస్సు దిగి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని, దాని అంచు మీద కూర్చున్నాడు. "పో బేటా. నీ బద్లీ నేనున్న" అన్నాడు. నాయిన కూడా పొమ్మని చెయ్యి ఊపాడు.

పరీక్ష రాసి బయటికి వచ్చి ఫోన్ ఆన్ చేస్తే కబురు అందింది. నాయిన మధ్యాహ్నమే పోయాడు. నేను చేరేసరికి వరండాలో గోడ పక్కన చాచా నిలబడి ఉన్నాడు. నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఒక మాట జెప్పాలె. ఆఖర్ల మీ నాయినకు కండ్లు సరిగ కనవడలే. నా చెయ్యి పట్టుకొని 'వచ్చినవారా?' అన్నడు. నిన్ననుకున్నడు బేటా. నేనేమనాలె? 'వచ్చిన నాయినా' అన్న. 'పరీక్ష మంచిగ రాసినవా?' అన్నడు. 'మంచిగ రాసిన నాయినా' అన్న. గంతే. మల్ల మాట్లాడలే. నవ్వుకుంటనే పోయిండు."

చాచా తన కుడిచెయ్యి ముందుకు చాచాడు.

"గీ చెయ్యే పట్టుకున్నడు. నేను ఇంతవరకు కడుక్కోలే. ఇగ నువ్వు పట్టు."

ఆ అరచేతికి నా అరచెయ్యి ఆనించాను. చాచా చెయ్యి చెమ్మగా ఉంది. అది ఆయన చెమటో, మా నాయిన చెమటో నాకు తెలియదు. ఆ రోజు నేను గుండె పగిలేలా ఏడ్చాను. కానీ నాయిన నన్ను చూడకుండా పోయాడన్న బాధ మాత్రం నాకు ఈ రోజు వరకూ లేదు. నాయిన నన్ను చూశాడు, నాతో మాట్లాడాడు, నా చెయ్యి పట్టుకునే పోయాడు. చాచా నాకు ఇచ్చింది అది. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. చాచా తన జిందగీలో ఒక ఆట మొదటి నుంచి చివరిదాకా ఆడాడో లేదో నాకు తెలియదు. ఈ ఆట మాత్రం ఆడాడు, ఆయనలా ఇంకెవరూ ఆడి ఉండరు. చీరల దుకాణం ఆయనకు నేను బస్సులో చెప్పలేకపోయింది ఇదే.

గద్వాల చేరేసరికి వీధి నిండా జనం. చాచా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది బంధువులున్నవాడు. ఉన్నది ఒక్క కూతురు, ఆమె హైదరాబాద్‌లో నర్సు, నాకంటే ముందే చేరింది. మరి వీధి పట్టనంతమంది ఎవరని చూస్తే, దర్జీ, పాలాయన, మా తెలుగు సారు, ఇటిక్యాల నుంచి బండి మీద వచ్చిన ఇద్దరు రైతులు. ఎవరికి వాళ్ళకు, చాచా తమ బదులు కూర్చున్న రోజు ఒకటి ఉంది.

చాచీ గడప లోపల కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏడవలేదు, వేలితో మూలకేసి చూపించింది. అక్కడ పేపరు ఉండలు కుక్కిన ఆ పాత బూట్లు. "పొద్దున తుడిచి పెట్టుకుండు బేటా. ఎవరు పిలిచిన్రో మరి" అంది. అప్పుడు ఏడ్చింది. జనాజా, అంటే పాడె, లేపుతున్నారని బయట కేక వినిపించింది. చాచీ కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. "ఆయనకు కొడుకు లేడని ఎవరు అనొద్దు. పో, భుజం పట్టు. బద్లీ పో బేటా" అంది.

మసీదు దగ్గర జనాజా నమాజు అయ్యాక ఖబ్రస్తాన్ దారి పట్టాం. జనాజాను ఎవరూ చాలాసేపు మోయరు. నాలుగు అడుగులు మోసి, వెనకవాడికి భుజం ఇచ్చి తప్పుకుంటారు. పుణ్యం అందరికీ దక్కాలని పద్ధతి. నడక వేగంగా ఉంటుంది, కాబట్టి భుజం కోసం ఎదురుచూసేవాళ్ళు రోడ్డు పక్కన జనాజాతో పాటు ఉరుకుతూనే ఉండాలి. నేనూ ఉరికాను. నా ముందున్న దర్జీ తప్పుకుంటూ చోటిచ్చాడు. కట్టె భుజాన పడింది. చాచా బరువే లేడు.

నాలుగడుగులు వేశానో లేదో, పక్కన ఎవరో రొప్పుతూ ఉరికి వస్తున్నారు. చూస్తే బస్సులో నా పక్కన కూర్చున్న చీరల దుకాణం ఆయన. దుకాణానికి పోకుండా ఎర్రవల్లి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిసంచి ఇంకా భుజానే ఉంది. మొహమంతా చెమటతో, "జర నాకియ్యి, జర నాకియ్యి" అంటున్నాడు. నేను భుజం తప్పిస్తూ అరచెయ్యి చాచాను. ఆయనకు అర్థం కాలేదు. నేను చెయ్యి తీయలేదు. కట్టె కిందికి దూరుతూనే ఆయన నా అరచేతికి అరచెయ్యి ఆనించాడు. తర్వాత తల వంచుకుని, చాచాను మోసుకుంటూ ముందుకు పోయాడు.

నేను గీత బయటికి వచ్చినట్టు రోడ్డు పక్కకు వచ్చాను. ఆ చెమట చేతిని తుడుచుకోలేదు. మళ్ళీ ఎవరైనా పిలుస్తారేమోనని జనాజా పక్కనే ఉరుకుతూ పోయాను.